చిత్తడి నేలల విజ్ఞానం: ప్రచురణ, పఠనం

సరస్సులు, మడ అడవులు, ఉప్పుటేళ్లు, చెరువులు, అలల పోటుకు మునిగి తేలే బురద మైదానాల నీటి తీరునూ, వాటిలోని జీవరాశినీ, వాటిపై బతికే మనుషుల జీవికనూ నమోదు చేసే పుస్తకాలు, పరిశోధన పత్రాలు, పటాలు, పక్షి గణన పట్టికలు, ప్రభుత్వ నివేదికలు అన్నీ కలిస్తే చిత్తడి నేలల వాఙ్మయం అవుతుంది. చాలా శాస్త్రాల్లో పరిశోధన ముందు అచ్చవుతుంది, దాని ఫలితం జనానికి ఎప్పటికో చేరుతుంది. ఇక్కడ అలా కాదు, అచ్చయిన పటమే హద్దుగా మారుతుంది. 1962లో ఫ్రాన్స్‌లోని కమార్గ్ ప్రాంతంలో శాస్త్రవేత్తలు సమావేశమై అంతర్జాతీయ ఒప్పందం కావాలని కోరారు. 1965లో ఐరోపా, ఉత్తర ఆఫ్రికాల్లోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా పుస్తకంగా వచ్చింది. ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో ఒప్పందం కుదిరింది 1971 ఫిబ్రవరి 2న. అంటే జాబితా ముందు పుట్టింది, చట్టం దాని వెనక నడిచింది. మన దేశంలోనూ జరిగింది ఇదే. అహ్మదాబాద్‌లోని ఇస్రో అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2011లో వెలువరించిన జాతీయ అట్లాసు 2.25 హెక్టార్లకు మించిన చిత్తడి నేలలు 2,01,503 ఉన్నాయని లెక్క తేల్చింది. అంతకన్నా చిన్నవి 5,55,557 పటంలో చుక్కలుగా మిగిలాయి. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రక్షణ కల్పించింది ఆ 2,01,503 నేలలకే. పటం గీసినవారు సాంకేతిక సౌలభ్యం కోసం పెట్టుకున్న కొలత, ఏ నేలకు న్యాయస్థానం అండ దొరుకుతుందో నిర్ణయించింది. కనుక ఈ వాఙ్మయాన్ని ఎవరు చదవగలుగుతున్నారన్న ప్రశ్నను పరిరక్షణ నుంచి విడదీయలేం. నేల పక్కన బతికేవారి భాషలో, వారి చేతికి అందే రూపంలో ప్రచురించడం శాస్త్రం పూర్తయ్యాక చేసే ప్రచారం కాదు, శాస్త్రంలోనే భాగం.

దీనికి కొల్లేరును మించిన ఉదాహరణ లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న ఈ మంచినీటి సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఈ ఒక్క సరస్సుకు ప్రచురణల్లో కనీసం మూడు విస్తీర్ణాలు కనిపిస్తాయి. 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన 245 చదరపు కిలోమీటర్లు అంది. 1999లో ప్రకటించిన అభయారణ్యం, ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) వరకు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కినప్పుడు రాసింది 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. ఏదీ తప్పు కాదు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తును అంచుగా తీసుకున్నామన్నదే తేడా. బల్లపరుపు డెల్టా నేలలో అడుగు ఎత్తు మారితే వేల ఎకరాలు గీతకు ఇటో అటో పడతాయి. ఐదో కాంటూరు, మూడో కాంటూరు అన్న మాటలు సరస్సు గర్భంలోని బెడ్ గ్రామాల్లో, దాని చుట్టూ ఉన్న బెల్ట్ గ్రామాల్లో రచ్చబండ దగ్గర నిత్యం వినబడతాయి. ఆ గీత తమ పొలంలో ఏ గట్టు మీదుగా పోతుందో, ఎందుకు అక్కడే పోతుందో చెప్పే పత్రాలు మాత్రం ఇంగ్లీషులో ఉండిపోయాయి. రామ్‌సర్ ఒప్పందానికి అధికార భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్. కొల్లేరు సమాచార పత్రం ఉన్నది ఇంగ్లీషులో.

ఆ 2004 నాటి పత్రాన్ని రాసినవారిలో ప్రధానులు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు. 2001 ఫిబ్రవరిలో ఉపగ్రహం తీసిన చిత్రంలో సరస్సు విస్తీర్ణంలో సుమారు 42 శాతాన్ని చేపల చెరువులు, మరో 8.5 శాతాన్ని సాగు భూములు ఆక్రమించాయనీ, తేటనీరు ఎక్కడా కనిపించలేదనీ ఆ పరిశోధన చెప్పింది. ఒక సరస్సు గురించి ఇంతకన్నా కలచివేసే వాక్యం ఉండదు. అయినా, చెరువుల గట్లు కొట్టేసిన 2006 నాటి ఆపరేషన్ కొల్లేరు దాకా, మత్స్యకార సొసైటీ చెరువుల్లో వాటా ఉన్న వడ్డి కులపు కుటుంబానికి గానీ, జిరాయితీ భూమి లీజుకిచ్చిన రైతుకు గానీ ఆ లెక్క వివరంగా చేరలేదు. వారికి ముందుగా చేరింది పొక్లెయిను. ఆ చెరువుల్లో కొన్ని 1970ల్లో ప్రభుత్వమే ఇచ్చినవి. నిన్న ఇచ్చి ఇవాళ ఎందుకు తీసేసుకుంటున్నారన్న ప్రశ్నకు జవాబు ఆ పరిశోధనలో ఉంది. సరస్సు వరదను పట్టి నిలపలేకపోతే మునిగేది చుట్టుపక్కల ఊళ్లే. ఆ జవాబు అందని చోట 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించడంలో వింత లేదు. ఆ ప్రతిపాదనను పరిశీలించిన అజీజ్ కమిటీ 2011లో కుదింపు వద్దంది. కారణాలు చెప్పిన ఆ నివేదికదీ మళ్లీ ఇంగ్లీషే.

పాత ప్రచురణలకు ఇంకో విలువ ఉంది. ఏది పోయిందో చెప్పగలిగేవి అవే. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి ఆరేడులో చెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతుల గురించి మలయాళీ పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో 1949లో రాశారు. 1970ల నడుమకు వచ్చేసరికి కొల్లేటి ప్రాంతపు ఆ కాలనీలు ఖాళీ అయిపోయాయి. ఇవాళ కొల్లేటి ఒడ్డున ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెట్టిన గూడబాతులను చూసినవారికి అంతా బాగానే ఉందనిపిస్తుంది. ఒకప్పుడు ఊరి చెట్లే వాటికి చాలేవని తెలియాలంటే ఆ జర్నల్ తిరగేయాలి. నీలకంఠన్ గురించి మరో సంగతీ చెప్పాలి. ఇందుచూడన్ అన్న పేరుతో 1958లో ఆయన కేరళ పక్షుల మీద మలయాళంలో పెద్ద పుస్తకం తెచ్చారు. దాని తర్వాతి ముద్రణలను కేరళ సాహిత్య అకాడమీ వేసింది. మన గోదావరి జిల్లా పక్షుల్ని లోకానికి చెప్పిన మనిషి తన భాషవారికి అంత పుస్తకం ఇచ్చాడు. ఆ గూడబాతుల చరిత్ర మాత్రం తెలుగు పాఠకుడికి ఇంగ్లీషు జర్నల్‌లోనే మిగిలింది.

శాస్త్రానికి ఉమ్మడి భాష అవసరమనీ, ఎవరి భాషలో వారు రాసుకుంటే పరిశోధనలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవనీ ఒక అభ్యంతరం ఉంది. ఇందులో నిజముంది. సైబీరియా నుంచి వచ్చే బాతును లెక్కించడానికి దారి పొడవునా ఒకే పద్ధతి, ఒకే పట్టిక ఉండాలి. 1987 నుంచి ఏటా జనవరిలో సాగే ఆసియా నీటిపక్షుల గణన నిలబడింది ఆ ఏకరూపత మీదే. కానీ ఉమ్మడి భాష ఉండాలనడం వేరు, అది ఒక్కటే చాలనడం వేరు. జీవవైవిధ్య పరిరక్షణపై 2014లో వెలువడిన 75,513 పత్రాలను 16 భాషల్లో వెతికి చూసిన ఒక అధ్యయనం, వాటిలో 35.6 శాతం ఇంగ్లీషు కానివేనని 2016లో తేల్చింది. స్థానిక భాషలో శాస్త్రం ఇప్పటికే నడుస్తోంది. తెలుగులో సాధ్యం కాదనడానికి ఆధారమేమీ లేదు.

దీనికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటి: కొల్లేరును మింగింది తెలియనితనం కాదు, చేపల డబ్బు, తెలుగులో వేసినంత మాత్రాన గట్లు కరిగిపోవు. నిజమే, 2006 తర్వాత చెరువులు మళ్లీ లేచాయి. వాటిని లేపినవారిలో చాలామందికి చట్టం బాగా తెలుసు. అయితే అక్కడున్న ప్రయోజనాలన్నీ ఒకటి కావు. వలతో వేటాడేవాడి లాభమూ, బయటినుంచి పెట్టుబడి తెచ్చినవాడి లాభమూ వేర్వేరు. అభయారణ్యంలో సంప్రదాయ చేపల వేటకు అనుమతి ఉందన్న ఒక్క విషయం స్పష్టంగా అచ్చులో ఉంటే, హద్దు పోతేనే బతుకుతామని పేదవాణ్ని నమ్మించడం కష్టమవుతుంది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అక్కడి సైలెంట్ వ్యాలీ జలవిద్యుత్ ప్రాజెక్టు లాభనష్టాలను 1979 నుంచి మలయాళ పాఠకుల ముందు పెట్టింది. 1983లో ఆ ప్రాజెక్టు ఆగింది. అచ్చు ఒక్కటే దాన్ని ఆపలేదు, కానీ అచ్చు లేకుండా ఆ వాదన ఊరూరా చేరేది కాదు.

చదివేవారెవరున్నారన్న సందేహానికి జవాబు తెలుగు సాహిత్యమే ఇచ్చింది. అక్కినేని కుటుంబరావు నవల కొల్లేటి జాడలు ఆ సరస్సు బతుకునంతా పాఠకుల ముందుకు తెచ్చింది, ఇంగ్లీషులోకీ వెళ్లింది. కథగా చదివినవారు కాంటూరు పటాన్ని చదవరనుకోవడానికి కారణం లేదు. తెలుగులో నమోదు చేసి అచ్చు వేసే అవసరం తెలంగాణకూ తక్కువేమీ కాదు. 2017 సెప్టెంబరులో వచ్చిన కేంద్ర నియమాలు సాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలనూ, వరి పొలాలనూ చిత్తడి నేలల పరిధి నుంచి తప్పించాయి. గొలుసుకట్టు చెరువులన్నీ ఆ మినహాయింపు కిందికే వస్తాయి. వాటి పక్షుల్ని, చేపల్ని, నీటిమొక్కల్ని ఊరివాళ్లే నమోదు చేసి అచ్చు వేసుకోకపోతే వాటి తరఫున చూపడానికి కాగితమంటూ ఉండదు.

దీనికి కొత్త సంస్థ అక్కర్లేదు. ప్రతి రామ్‌సర్ ప్రదేశపు సమాచార పత్రాన్నీ ఆరేళ్లకొకసారి సవరించాలన్న నియమం ఇప్పటికే ఉంది. కొల్లేరు పత్రాన్ని సవరించిన ప్రతిసారీ తెలుగు ప్రతి కూడా వేయాలి. కాంటూరు గీతను సర్వే నంబర్లతో కలిపి పటంగా ముద్రించాలి. ఆ ఏటి పక్షి గణన, నీటి నాణ్యత, వరద మట్టం లెక్కలు జోడించి బెడ్ గ్రామాల సచివాలయాల్లో, పాఠశాలల్లో, మత్స్యకార సొసైటీల కార్యాలయాల్లో ఉంచాలి. లెక్కలో తప్పుంటే ఊరివాళ్లు రాసి పంపే అభ్యంతరాలను తర్వాతి ముద్రణలో, జవాబుతో సహా, అచ్చు వేయాలి.