మా పోలీసు గెలిచిన ఆటలు

మా ఇళ్లల్లో పోలీసు అనే మాటకు రెండు అర్థాలున్నాయి.

ఒకటి 1948 సెప్టెంబరుది. ఆ ఐదు రోజుల దాడికి ఢిల్లీ పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. హైదరాబాదులో పోలో మైదానాలు ఎక్కువ కాబట్టి ఆ పేరు పెట్టారంటారు. యుద్ధానికి ఆట పేరు! జనం నోట్లో మాత్రం అది పోలీస్ యాక్షన్‌గానే మిగిలింది. వయసెంత అని అడిగితే ‘పోలీస్ యాక్షన్‌కు రెండేళ్ల ముందు పుట్టిన’ అని చెప్పే ముసలివాళ్లు నా చిన్నప్పుడు జహీరాబాదు గల్లీల్లో చాలామంది ఉండేవాళ్లు.

రెండో అర్థం ఫుట్‌బాల్‌ది. ‘అప్నీ పోలీస్ జీత్ గయీ.’ మన పోలీసు గెలిచింది. ఈ మాట అనేది కూడా ఆ ముసలివాళ్లే. ఒకే మాట విని వణికిన మనుషులు రెండేళ్లు తిరక్కుండానే అదే మాట అరుస్తూ చాయ్ హోటల్లో ఎగిరి గంతేశారంటే దాని వెనక ఒక చరిత్ర ఉండాలి. తెలుగులో రాసిన హైదరాబాదు చరిత్రల్లో నాకది దొరకలేదు. వాటిల్లో సాయిబు రెండే వేషాల్లో కనిపిస్తాడు. ఒకటి నవాబు, రెండోది రజాకారు. బూట్లు కట్టుకుని బంతి తన్నిన కానిస్టేబులు వాటిలో ఎక్కడా లేడు.

జహీరాబాదు అప్పుడు బీదరు జిల్లాలో తాలూకా. మెదక్ జిల్లాలోకి వచ్చింది 1956లో, సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది 2016లో. షోలాపూర్ నుంచి హైదరాబాదు పోయే పెద్ద సడక్ మా ఊరి మీదుగానే పోతుంది. 1948 సెప్టెంబరు 16న సైన్యం వచ్చింది కూడా ఆ సడక్ మీదే. సైన్యం వచ్చిన తర్వాత ఏం జరిగిందో పండిత్ సుందర్‌లాల్ కమిటీ రాసింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ కమిటీ అంచనా. ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో బీదరు ఒకటి. నెహ్రూ పంపిన కమిటీ రాసిన ఆ నివేదిక జనం కంటపడింది 2013లో. అంతకుముందు రజాకార్లు చేసిన దుర్మార్గాలు దాచాలని నేను అనుకోను. వాటి గురించి పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, సినిమాలున్నాయి. తర్వాత జరిగిన దాని గురించి మా ఇళ్లల్లో గుసగుసలు తప్ప ఏమీ లేవు.

మా నానా, అంటే అమ్మ తండ్రి, అప్పటికి ఇరవై ఏళ్ల జవాన్. కొన్ని రాత్రులు జొన్నచేలల్లో దాక్కున్నాడు. అంతకన్నా ఎక్కువ ఎన్నడూ చెప్పలేదు. తర్వాత మండీలో ఒక బెల్లం దుకాణంలో మునీంగా కుదిరాడు. ఫుట్‌బాల్ గురించి మాత్రం రాత్రంతా చెప్పేవాడు. పాత ఖాతా పుస్తకం ఒకదాన్ని వెనకనుంచి తెరిచి, లెక్కలకు తగలకుండా, ఉర్దూలో ఆటల ఫలితాలు రాసుకునేవాడు. ఈ వ్యాసానికి సగం సరుకు అందులోదే.

నానా అభిమానం కలకత్తాతో మొదలైంది. 1891లో పుట్టిన మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు 1934 నుంచి 1938 దాకా వరసగా ఐదేళ్లు కలకత్తా లీగు గెలిచింది. 1937లో రోవర్స్ కప్పు గెలిచిన తొలి భారతీయ జట్టు బెంగుళూరు ముస్లిమ్స్. 1940 డిసెంబరులో ఢిల్లీలో మహమ్మడన్ స్పోర్టింగ్ రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి డ్యూరాండ్ కప్పు పట్టింది. గోరావాళ్ల దగ్గర్నుంచి ఆ కప్పు తీసుకున్న తొలి భారతీయ జట్టు అదే. పన్నెండేళ్ల పిల్లవాడికి ఆ వార్త ఉర్దూ పేపర్లో చదివి వినిపించింది మసీదు ముందు కూర్చునే దర్జీ. అప్పట్లో ఆ గెలుపును చాలామంది ఖౌమ్ గెలుపుగా చూశారు. క్లబ్బు పేరే అట్లాంటిది.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు అట్లా కాదు. ఏ మతం పేరూ దానికి లేదు. ఆటగాళ్లలో ముస్లింలే ఎక్కువ. క్రైస్తవులూ, హిందువులూ ఆడేవారు. సికింద్రాబాదు కంటోన్మెంటు తమిళ కుటుంబాల పిల్లలకు కూడా ఈ నగరం ఫుట్‌బాల్‌లో చోటుండేది. జట్టుకు కోచ్ ఒక బడిపంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో పుట్టి, ఉస్మానియాలో చదివి, నగరంలోని బడుల్లో పాఠాలు చెప్పుకున్న మనిషి. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి. 1950లో పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చింది.

ఆ రోజులు ఎట్లాంటివో గుర్తు చేసుకోండి. నిజాం సర్కారు పోయింది. దానితోపాటు దాన్ని నమ్ముకున్న నౌకర్లు పోయాయి. కచేరీల్లో ఉర్దూ పోతూ ఉంది. ఉస్మానియాలో ఉర్దూ చదువు పోయింది. పోలీసు శాఖలోంచే ఎందరో ముస్లింలు బయటికి పోయారు. పాకిస్తాన్‌కు పోయినవాళ్లు పోయారు, పోలేనివాళ్లు, పోనని మొండికేసినవాళ్లు మిగిలారు. అట్లాంటప్పుడు మంచిగా బంతి ఆడే గరీబు కుర్రవాడికి కానిస్టేబులు నౌకరీ దొరకడం చిన్న సంగతి కాదు. ఆటే రొట్టె. మనవాళ్లు దీన్ని క్రీడాస్ఫూర్తి అని రాస్తారు. నేను నౌకరీ అనే రాస్తాను.

1950లో ఈ కానిస్టేబుళ్లు బొంబాయి పోయి బెంగుళూరు ఆర్యన్ జింఖానాను ఓడించి రోవర్స్ కప్పు తెచ్చారు. వార్త మా ఊరికి రెండు రోజులకు వచ్చింది. సియాసత్ పేపరు పుట్టి అప్పటికి ఏడాది దాటింది. బస్సులో వచ్చిన ఒకే ఒక కాపీ హోటల్లో చేతులు మారుతూ నలిగి చిరిగిపోయేది. నానా పుస్తకంలో ఆ తేదీ దగ్గర ఒక్క మాటే ఉంది: ‘షుక్ర్’. ఆపైన అదే ఏడాది డ్యూరాండ్. స్వతంత్రం తర్వాత జరిగిన మొదటి డ్యూరాండ్ అది, ఢిల్లీలో. ఫైనల్లో ఎదురుగా నిలిచింది మోహన్ బగాన్. 1911లో చెప్పుల్లేని కాళ్లతో తెల్లవాళ్లను ఓడించి దేశం గుండెల్లో కూర్చున్న క్లబ్బు. దాన్ని మా పోలీసు ఓడించింది. ఏ ఢిల్లీనుంచి రెండేళ్ల కిందట హైదరాబాదు మీదికి పోలీసు వచ్చిందో ఆ ఢిల్లీకి ఇప్పుడు హైదరాబాదునుంచి పోలీసు పోయి కప్పు తెచ్చింది. ఇది నా మాట కాదు. నానా వాళ్ల హోటల్ మాట. బహుశా ఆ ఏడాది నవ్వుతూ అనుకోగలిగిన మాట అదొక్కటే.

1950, 51, 52, 53, 54. ఐదు రోవర్స్ కప్పులు వరసగా. 1957లో ఇంకొకటి. 1954లోనూ 1957లోనూ డ్యూరాండ్ మళ్లీ. ఆంధ్ర పోలీసుగా పేరు మారాక 1960లో రోవర్స్, 1961లో డ్యూరాండ్. కలకత్తా క్లబ్బుల దగ్గర డబ్బుంది, మైదానాలున్నాయి, లక్షల జనముంది. మన దగ్గర ఒక బడిపంతులూ కొంతమంది జవాన్లూ ఉన్నారు. గెలుపెట్లా సాధ్యమైందని నానాను అడిగితే చేత్తో చూపించేవాడు. బంతి నీ దగ్గర ఆగొద్దు, వచ్చింది వచ్చినట్టే పక్కవాడికి పోవాలి. డ్రిబ్లింగ్ చేయకూడదనే షరతుతో రహీం పోటీలు పెట్టించేవారు. ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలనే పోటీలు కూడా పెట్టించారు. ఒక్కడు హీరో కావడం ఆయనకు నచ్చదు. అమ్ముగూడలో ఉండే గరీబు పిల్లవాడు తులసీదాస్ బలరామ్‌కు ప్రాక్టీసుకు రావడానికి సైకిలు కిరాయి ఇచ్చింది కూడా రహీం సాబే అని చెబుతారు. ఆ బలరామ్ తర్వాత దేశం మొత్తం చెప్పుకునే ఆటగాడయ్యాడు, 2023లో కలకత్తా వైపే కన్నుమూశాడు.

రహీం దేశానికి కూడా కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారం తెచ్చింది ఆయన జట్టే. 1952 హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1 అవమానం కూడా ఆయన జట్టుకే. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ హెల్సింకీకీ పోయారు, నాలుగేళ్లకు మెల్బోర్న్‌కీ పోయారు. మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీఫైనల్ దాకా వెళ్లిన తొలి ఆసియా జట్టు మనది. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ అంత ఎత్తుకు మళ్లీ పోలేదు.

నానా కళ్లారా చూసిన పెద్ద ఆట ఒక్కటే. 1956-57లో సంతోష్ ట్రోఫీ హైదరాబాదుకు వచ్చింది. మరుసటి సీజన్‌లో పోటీలు హైదరాబాదులోనే. ఫైనల్లో బొంబాయి. బెల్లం లారీ ఎక్కి పోయాడు. సేటుకు చెప్పింది వేరే పని. మనవాళ్లు గెలిచారు. తమాషా ఏమిటంటే అప్పటికి హైదరాబాదు రాష్ట్రమే లేదు! 1956 నవంబరులో మూడు ముక్కలై ఆంధ్రకూ, మైసూరుకూ, బొంబాయికీ పోయింది. మా తాలూకాకే జిల్లా మారింది. రాష్ట్రం పోయినా జట్టు పేరు హైదరాబాదే. లేని దేశం పేరుతో కప్పు గెలిచారని నానా నవ్వేవాడు.

ఇక జకార్తా. 1962 సెప్టెంబరు 4. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వలేదని భారత అధికారి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఇండోనేషియా జనం మనమీద మండిపడి ఉన్నారు. స్టేడియం నిండా జనం, అంతా దక్షిణ కొరియా వైపే. మన వైపు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లని ఆడి వచ్చినవాళ్లు చెప్పేవారు. గోల్‌లో హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. మైదానంలో బలరామ్, యూసుఫ్ ఖాన్. పక్కన నిలబడ్డ రహీం సాబ్ ఒంట్లో అప్పటికే క్యాన్సర్. పీకే బెనర్జీ ఒకటి, తలకు కుట్లతో ఆడిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1. పంజాబీ సిక్కు, బెంగాలీ బ్రాహ్మడు, తమిళ క్రైస్తవుడు, దక్కనీ ముసల్మాను, వీళ్లందరినీ ఒక్క చేత్తో నడిపిన ఉర్దూ పంతులు. 1963 జూన్ 11న ఆయన పోయారు. ఆ ఏడాది కూడా ఆంధ్ర పోలీసు రోవర్స్ కప్పు గెలిచింది. నానా పుస్తకంలో పోలీసు పద్దు అక్కడితో ఆగింది.

ఎందుకు ఆగిందంటే ఆటగాళ్లు కలకత్తా దారి పట్టారు. డబ్బు అక్కడుంది. నయీముద్దీన్ పోయాడు, హబీబ్ పోయాడు, హబీబ్ తమ్ముడు అక్బర్ పోయాడు, షబ్బీర్ అలీ పోయాడు. 1970 ఆసియా క్రీడల్లో కంచు తెచ్చిన జట్టుకు కెప్టెన్ నయీమే. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2 చేసింది. అందులో ఒక గోలు హబీబ్‌ది. హైదరాబాదు గల్లీలో పెరిగినవాడు పెలే ముందు గోలు కొట్టాడు. 2023 ఆగస్టు 15న హబీబ్ చనిపోతే తెలుగు పేపర్లలో నేను వెతుక్కోవాల్సి వచ్చింది.

నేను పెరిగింది క్రికెట్ కాలంలో. 1996 మార్చి 9, బెంగుళూరులో భారత్, పాకిస్తాన్ క్వార్టర్ ఫైనల్. టీవీ ఉన్న ప్రతి ఇంటి ముందు జనం. ‘ఏం భాయ్, మీకు ఎవరు గెలవాలె?’ అని నన్నడిగినవాడు నా పక్క బెంచీవాడే. సరదాగానే అడిగాడు. వాడికి అది సరదా. భారత జట్టు కెప్టెన్ హైదరాబాదీ ముసల్మాను, అజహరుద్దీన్. అయినా ప్రశ్న ప్రశ్నే. పదహారేళ్ల వయసులో నాకు జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి నానాకు చెప్పాను. కోపం తెచ్చుకోలేదు. ‘బేటా, మమ్మల్ని ఎవరూ అట్లా అడగలేదు. మా జట్టు మా ఊళ్లోనే ఉండె’ అన్నాడు.

1948 తర్వాత ఢిల్లీలో, బొంబాయిలో ఆడిన నూర్ మహమ్మద్‌ను వఫాదారీ సర్టిఫికెట్ అడగడానికి ఎవరికైనా నోరొచ్చిందో లేదో నాకు తెలియదు. హైదరాబాదు గెలవాలి అంటే అప్పుడు అనుమానం లేదు. సాయిబు అన్నా, రెడ్డి అన్నా, తమిళ పిళ్లై అన్నా ఒకటే అర్థం. సొంత ఊరికి ఒక జట్టుంటే మనిషి పక్కవాడితో కలిసి అరుస్తాడు. ఆ జట్టు పోయాక అభిమానమంతా దేశాల పేర్లతోనే చూపించాల్సి వచ్చింది. అప్పటినుంచే మా చప్పట్లు లెక్కపెట్టడం మొదలైంది.

2019లో హైదరాబాదు పేరుతో మళ్లీ ఒక క్లబ్బు వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది. ఆ రాత్రి జహీరాబాదులో మా గల్లీ పిల్లలు ఒక ఫోను చుట్టూ పదిమంది మూగి చూశారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. తర్వాత జీతాల గొడవలు, యజమానుల మార్పులు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా మార్చుకుంది.

రహీం సాబ్ మీద 2024లో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. పిల్లలకు ఆయన అజయ్ దేవగణ్ మొహంతోనే తెలుసు. నా కూతురికి ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకని నానా ఖాతా పుస్తకంలోని ఫలితాలు ఒక్కొక్కటే తెలుగులోకి ఎక్కిస్తున్నాను. ఇప్పుడు 1953 దగ్గరున్నాం.