పారవేసినా పోని పాదరసం

పూర్వం మన రసవాదులు పాదరసాన్ని బంగారంగా మార్చవలెనని ఎంతో శ్రమపడినారు. ఇంగిలీకాన్ని కాచి పాదరసం తీసినారు. దానిని గంధకంతో నూరి నల్లని కజ్జలి చేసినారు. ఎన్ని రూపాలు దాల్చినా పాదరసం నశించలేదు. కారణమేమి? అది మూలకం. 1789లో లెవోయిజర్ ప్రకటించిన మూలకాల పట్టికలో దానికి స్థానమున్నది. మూలకాన్ని నిప్పు దహించలేదు, నేల జీర్ణించుకొనలేదు.

1714లో ఫారన్‌హీట్ పాదరస థర్మామీటరును నిర్మించినాడు. 1860ల దశాబ్దంలో ఇంగ్లండు వైద్యుడు ఆల్బట్ దానిని ఆరంగుళాల పొడవుకు కుదించి, అయిదు నిమిషాలలో జ్వరం తెలిపేటట్లు చేసినాడు. క్రమంగా ఆ పరికరం ఇండ్లలో ప్రవేశించినది. దానితోపాటు సుమారు ఒక గ్రాము పాదరసమూ ప్రవేశించినది. అది పగిలినప్పుడు ఊడ్చి చెత్తలో వేయడమే పరిపాటి అయినది. పారవేసినది పోయినదనే అనుకొన్నారు.

ఈ నమ్మకం ఎంత ప్రమాదకరమో జపానులోని మినమాటా పట్టణంలో బయటపడినది. అక్కడ చిస్సో సంస్థ 1932 నుండి ఎసిటాల్డిహైడ్ తయారీలో పాదరస లవణాన్ని ఉత్ప్రేరకంగా వాడినది. ఆ చర్యలో పుట్టిన మిథైల్ పాదరసం వ్యర్థజలంతో సముద్రంలో కలిసి చేపలలోనికి, వాటిని తిన్న పిల్లులలోనికి, మనుష్యులలోనికి చేరినది. 1956 మే 1న ఈ వ్యాధి అధికారికంగా గుర్తింపబడినది. రోగుల చేతులు వణకినవి, చూపు కుంచించుకొనిపోయినది, మాట తడబడినది. గర్భస్థ శిశువుల మెదడు సైతం దెబ్బతిన్నది. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమని తేల్చినా, ఆ ఉత్పత్తి 1968లో గాని ఆగలేదు.

ఇంటిలోని పాదరసం లోహరూపంలో ఉంటుంది, పరిమాణమూ స్వల్పమే. అయినా చిందిన బిందువుల నుండి కంటికి కానరాని, వాసనలేని విషపు ఆవిరి వెలువడుతుంది. మురుగుకాలువలో పోసినది చివరకు నీటి అడుగు బురదను చేరి, సూక్ష్మజీవుల వలన మిథైల్ పాదరసంగా మారవచ్చును.

2013లో మినమాటా పేరుతోనే అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 2017 ఆగస్టు 16న అమలులోనికి వచ్చినది. పాదరస థర్మామీటర్ల తయారీకి 2020ని గడువుగా పెట్టి, కోరిన దేశాలు అదనపు గడువు పొందే వీలు కల్పించినారు. మన దేశంలో 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు పగిలిన పాదరస థర్మామీటర్లను, ట్యూబులైట్లను, వాడిన బ్యాటరీలను గృహ ప్రమాదకర వ్యర్థాలలో చేర్చి, విడిగా ఉంచవలెనని విధించినవి.

కనుక థర్మామీటరు పగిలినచో పిల్లలను దూరంగా పంపి, కిటికీలు తెరువవలెను. చీపురు వాడరాదు, అది బిందువులను మరింత చిన్నవిగా చెదరగొట్టుతుంది. చేతులకు తొడుగులు వేసుకొని, గట్టి కాగితపు అంచుతో బిందువులను ఒకచోటికి చేర్చి, మూత గల సీసాలోనికి ఎత్తవలెను. గాజుముక్కలను, వాడిన కాగితాన్ని కూడ అందులోనే ఉంచి, పైన పేరు వ్రాసి, పురపాలక సంఘంవారి ప్రమాదకర వ్యర్థాల సేకరణకు అప్పగించవలెను.

పాదరసాన్ని నశింపజేయడం రసవాదులకు సాధ్యం కాలేదు, మనకూ కాదు. దానిని చెదరనీయక కాపాడడమే మనకు సాధ్యమైన పని.