కార్డు మార్చాక స్క్రీన్ నల్లగా ఉందంటే: దాని వెనక 40 ఏళ్ల కథ



ఈమధ్య గ్రూపులో ఒకటే ప్రశ్న తిరుగుతోంది. సెకండ్‌హ్యాండ్‌లో గ్రాఫిక్స్ కార్డు కొన్నాం, పెట్టాం, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది, ఏం చెయ్యాలి అని. జాతరలో తీసిన వీడియోలు ఎడిట్ చేద్దామని కొందరు, బ్లెండర్ నేర్చుకుందామని కొందరు డబ్బులు పోగేసి కొన్నవి ఇవి. షాపుకు తీసుకెళ్తే ఇద్దరితో "మదర్‌బోర్డు పోయింది, మార్చాలి" అన్నారట. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుద్దో తెలియనోళ్లకి ఆ మాట ఎంత బరువో మనకి తెలుసు. ఆ మాట నిజమా కాదా అని తేల్చుకోడానికి మేము నలుగురం కూర్చుని పాత సంగతులన్నీ తవ్వాం. తవ్వితే తెలిసిందేంటంటే, ఒక్కో సమస్యకి ఒక్కో పుట్టిన సంవత్సరం ఉంది.

మొదలు 1981. ఐబీఎం పీసీ వచ్చిన ఏడు. దానికి రెండు రకాల డిస్‌ప్లే కార్డులు ఉండేవి. ఎండీఏలో అక్షరాలు తప్ప బొమ్మలు రావు. సీజీఏలో రంగులొస్తాయి, అదీ 320×200 చుక్కల్లో 4 రంగులు. కార్డు మారిస్తే మదర్‌బోర్డు మీదున్న బుల్లి స్విచ్‌లు కూడా మార్చాలి. లోపల ఏ కార్డు ఉందో కంప్యూటర్‌కి ఆ స్విచ్‌లు చూస్తేనే తెలిసేది. స్క్రీన్ రాకపోతే అది మాట్లాడగలిగేది స్పీకర్‌తోనే. ఒక పొడుగు బీప్, రెండు పొట్టి బీప్‌లు వచ్చాయంటే వీడియో కార్డు దగ్గర తేడా ఉన్నట్టు. ఈ సంకేతం తర్వాత వేరే బయోస్‌లలో కూడా చాలా ఏళ్లు బతికింది. ఇప్పటి బోర్డుల్లో స్పీకర్ ఉండట్లేదు. దాని బదులు కొన్ని బోర్డుల మీద బుల్లి లైట్లు ఉంటాయి, ఒకదాని పక్కన "వీజీఏ" అని రాసుంటుంది. ఆ పేరు 1987లో ఐబీఎం పీఎస్/2తో వచ్చింది. అంటే మీ బోర్డు మీద ఆ లైటు వెలిగి ఆగిపోతే, 1981 నాటి బీప్ ఇప్పుడు లైటు రూపంలో పలుకుతున్నట్టే.

తర్వాత 1995 ఆగస్టు 24, విండోస్ 95. కార్డు పెడితే చాలు, అదే గుర్తుపడుతుంది అన్నారు. ఆ పద్ధతి పేరు "ప్లగ్ అండ్ ప్లే". అది సరిగ్గా పని చెయ్యక జనం దాన్ని "ప్లగ్ అండ్ ప్రే" అని వెక్కిరించారు, పెట్టి దణ్ణం పెట్టుకోమని. అయితే ఆ కాలం మనకి ఒక మంచి పనిముట్టు ఇచ్చింది, అదే సేఫ్ మోడ్. అందులో కార్డు తయారుచేసిన కంపెనీ డ్రైవర్ నడవదు, 640×480లో 16 రంగులతో అన్ని కార్డులకీ పనికొచ్చే మామూలు డ్రైవర్ నడుస్తుంది. ఇప్పటికీ లెక్క అదే. సేఫ్ మోడ్‌లో బొమ్మ బాగా వచ్చి, మామూలుగా ఆన్ చేస్తే నల్లగా అవుతోందంటే ముందు డ్రైవర్‌ని అనుమానించండి. కార్డు మీదికి తర్వాత పోవచ్చు.

1996లో త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ వూడూ కార్డు తెచ్చింది. అది త్రీడీ ఒక్కటే చేసేది. మామూలు స్క్రీన్ కోసం పాత కార్డు కూడా ఉండాలి. పాత కార్డు నుంచి వూడూకి వెనకవైపు ఒక పొట్టి కేబుల్, వూడూ నుంచి మానిటర్‌కి ఇంకోటి. కేబుల్ ఏ రంధ్రంలో పెట్టాలన్న గందరగోళం అప్పట్నుంచే ఉంది. ఇప్పుడు కొత్త కార్డు పెట్టాక కూడా మానిటర్ కేబుల్‌ని పాత అలవాటుతో మదర్‌బోర్డు పోర్టుకే తగిలిస్తుంటారు. డబ్బు ఖర్చు లేని పరీక్ష కాబట్టి ముందు అది చూడండి. 2000 డిసెంబర్‌లో త్రీడీఎఫ్‌ఎక్స్ ఆస్తుల్ని ఎన్‌విడియా కొనేసింది, ఆ కథ అంతటితో సరి.

ఇప్పుడు "మదర్‌బోర్డు పోయింది" అన్న మాట దగ్గరికొద్దాం. ఆ మాట నిజమైన కాలం ఒకటుంది. 1997 నుంచి బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డుకి ప్రత్యేకంగా ఏజీపీ స్లాట్ వచ్చింది. మొదటి ఏజీపీ 3.3 వోల్టుల మీద సంకేతాలు పంపేది. తర్వాతది 1.5కి దిగింది, 2002లో వచ్చిన మూడోది 0.8కి. తప్పు కార్డు దిగకుండా స్లాట్‌లో అడ్డు, కార్డులో గాడి పెట్టారు. కానీ కొన్ని కార్డులకి గాడి సరిగ్గా కొయ్యలేదు. అలాంటి 3.3 వోల్టుల కార్డుని 1.5 వోల్టుల బోర్డులో పెడితే బోర్డు నిజంగానే కాలిపోయే ప్రమాదం ఉండేది.

2004 నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ బోర్డులు వచ్చాక ఆ భయం తీరింది. ఇందులో ఏ తరం స్లాట్‌లోనైనా కరెంటు 12 వోల్టులు, 3.3 వోల్టులే. కొత్త తరం కార్డుని పాత తరం స్లాట్‌లో పెడితే వేగం తగ్గించుకుని నడుస్తుంది తప్ప వోల్టేజీ తేడాతో బోర్డుని కాల్చదు. మీ బోర్డు 2010 తర్వాతదైతే, స్లాట్‌లో కార్డు పెట్టగానే బోర్డు పోయిందని ఎవరన్నా అంటే గట్టిగా అడగండి. పాత కార్డు తిరిగి పెట్టి చూపించమనండి. దాంతో స్క్రీన్ వస్తే బోర్డు బతికే ఉంది.

అసలు గొడవ ఎక్కువగా కరెంటు దగ్గరే. 2000లో వచ్చిన వూడూ 5 5500కి స్లాట్ కరెంటు చాలక ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా వైరు ఇవ్వాల్సొచ్చింది. 2002లో రేడియాన్ 9700 ప్రోకీ అంతే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ దీనికో లెక్క కట్టింది. స్లాట్ నుంచి 75 వాట్లు, 6 పిన్నుల వైరు నుంచి 75, 8 పిన్నుల వైరు నుంచి 150. ఒక్క 8 పిన్నుల సాకెట్ ఉన్న కార్డు అంటే 225 వాట్ల దాకా లాగొచ్చు. ఆ వైరు తగిలించడం మర్చిపోతే ఫ్యాన్ తిరిగినా స్క్రీన్ రాకపోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీద పెద్దక్షరాల్లో 450 వాట్లు అని ఉంటే దాన్ని నమ్మి ఊరుకోకండి. పక్కనున్న పట్టీలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే 12 × 16 = 192 వాట్లే. కార్డుకీ ప్రాసెసర్‌కీ కలిపి అంతే. డెస్క్‌టాప్ బాగానే వచ్చి, గేమో రెండరింగో మొదలుపెట్టగానే టక్కున ఆగిపోతోందంటే ఇక్కడే చూడాలి. పెద్ద కంపెనీలకీ ఈ దెబ్బ తగిలింది. 2016లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 480 స్లాట్ నుంచి పరిమితికి మించి లాగుతోందని బయటపడితే, ఆ జులైలోనే డ్రైవర్ అప్‌డేట్‌తో సర్దారు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090కి పెట్టిన కొత్త 16 పిన్నుల కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి. పూర్తిగా లోపలికి దిగకపోవడమే ముఖ్య కారణమని ఎన్‌విడియా చెప్పింది. లక్షన్నర పెట్టి కొన్న కార్డుకైనా వైరు లోపలికి నొక్కాల్సిందే.

డ్రైవర్ల చరిత్రలో చెడ్డ ఏడు 2007, విండోస్ విస్టా. డిస్‌ప్లే డ్రైవర్ల పద్ధతి మొత్తం మార్చేశారు. తర్వాత కోర్టు కేసులో బయటికొచ్చిన మైక్రోసాఫ్ట్ కాగితాల్లో, ఆ ఏడు నమోదైన విస్టా క్రాష్‌లలో సుమారు 29 శాతం ఎన్‌విడియా డ్రైవర్ల వల్లే అని ఉంది. విస్టాతోనే ఇంకో ఏర్పాటూ వచ్చింది. కార్డు 2 సెకన్లు పలక్కపోతే విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. స్క్రీన్ ఒక్కసారి నల్లబడి మళ్లీ వచ్చి "డ్రైవర్ ఆగిపోయింది, మళ్లీ కోలుకుంది" అనే మెసేజ్ వచ్చేది అందుకే. అంతమాత్రాన కార్డు చచ్చినట్టు కాదు. ఎన్‌విడియా నుంచి ఏఎండీకో, అటు నుంచి ఇటో మారినోళ్లు పాత డ్రైవర్‌ని పూర్తిగా తీసెయ్యాలి. దానికి డీడీయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, సేఫ్ మోడ్‌లో నడపండి.

2012 ఇంకో గీత. విండోస్ 8తో పాటు పాత బయోస్ బదులు యూఈఎఫ్‌ఐ అంతటా పాకింది. దానికి అర్థమయ్యే చిన్న ప్రోగ్రాం కార్డులోనూ ఉండాలి. అంతకుముందు కార్డుల్లో చాలావాటికి అది లేదు. అలాంటి కార్డు ఆరోగ్యంగా ఉన్నా కొత్త బోర్డులో నల్ల స్క్రీనే. బోర్డు సొంత డిస్‌ప్లేతోనో వేరే కార్డుతోనో సెట్టింగ్స్‌లోకెళ్లి సీఎస్‌ఎం అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేసి చూడండి.

చివరిది 2022 సెప్టెంబర్ 15. ఆ రోజు ఎథీరియం తన పద్ధతి మార్చుకుంది, దాన్ని తవ్వడానికి ఇక గ్రాఫిక్స్ కార్డులతో పని లేకుండా పోయింది. రాత్రీ పగలూ నడిచిన కార్డులు బోలెడు సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. వాటిలో కొన్నిటికి మైనింగ్ కోసం కార్డు బయోస్ మార్చేసి ఉంటుంది. కొన్ని కార్డుల అంచున రెండు బయోస్‌ల మధ్య మార్చే బుల్లి స్విచ్ ఉంటుంది. సిస్టమ్ ఆపి, అది అటు జరిపి చూడండి. పీ106-100 లాంటివి మైనింగ్ కోసమే చేసినవి, వాటికి మానిటర్ పోర్టులే లేవు. చవగ్గా వస్తోందని ఎవరన్నా ఫోటో పంపితే, ముందు వెనకవైపు ఫోటో అడగండి.

స్క్రీన్ రానోళ్లు కార్డు స్టిక్కర్, ఎస్‌ఎంపీఎస్ పట్టీ, బోర్డు మీద పేరు, ఈ మూడు ఫోటోలు కింద పెట్టండి. ఆదివారం కూర్చుని ఎవరిది ఏ ఏటి సమస్యో లెక్క చూసి చెప్తాం. అప్పటిదాకా ఎవరూ బోర్డు మార్చడానికి డబ్బులు కట్టొద్దు.