ఆఫీసయ్యాక ఈతకెళ్ళిన ఆడవాళ్ళు

పిల్లల్ని ఈత క్లాసులో దింపి, అద్దం వెనక బెంచీ మీద కూర్చుని ఎదురుచూసే అమ్మలం మనం. ఎప్పుడైనా ధైర్యం చేసి నీళ్ళలోకి దిగామా, ఒక్క లెంగ్త్‌కే ఆయాసం! "ఈ వయసులో, ఈ ఒంటితో మన వల్ల ఏమవుతుందిలే" అని బయటికొచ్చేస్తాం. ఈసారి అలా అనుకునే ముందు ఈ కథ చదవండి.

1917లో న్యూయార్క్‌లో షార్లెట్ ఎప్‌స్టీన్ అనే కోర్టు స్టెనోగ్రాఫర్, తనలాంటి ఉద్యోగినులతో కలిసి విమెన్స్ స్విమ్మింగ్ అసోసియేషన్ పెట్టింది. ఆఫీసు పని అయ్యాక కాస్త వ్యాయామం కావాలి, అంతే వాళ్ళ కోరిక. హ్యాండ్లీ అనే కోచ్ పైసా తీసుకోకుండా వాళ్ళకి క్రాల్ నేర్పాడు. మనం ఫ్రీస్టైల్ అనేది దాన్నే.

క్రాల్ పొట్టి పందాలకే పనికొస్తుందని, దూరానికి బ్రెస్ట్‌స్ట్రోకే దిక్కని అప్పట్లో చాలామంది నమ్మకం. 1875లో మాథ్యూ వెబ్ ఇంగ్లిష్ ఛానెల్‌ని అలాగే దాటాడు, 21 గంటల 45 నిమిషాల్లో.

ఈ అసోసియేషన్‌లో తయారైన గెర్‌ట్రూడ్ ఎడర్లీ 1925లో ఛానెల్లో దిగింది. సుమారు తొమ్మిది గంటలయ్యాక కోచ్ ఆమెని బయటికి తీయించాడు. ఆపమని తాను అడగనే లేదంది ఎడర్లీ. మరుసటి ఏడాది ఆగస్టు 6న మళ్ళీ దిగి, దారంతా క్రాల్‌తోనే, పద్నాలుగున్నర గంటల్లో ఒడ్డు చేరింది. అంతకుముందు దాటిన అయిదుగురు మగవాళ్ళలో ఎవరికీ అంత తక్కువ సమయం పట్టలేదు!

పద్నాలుగు గంటలు పరుగుపందెంలా ఈదడం ఎవరి తరమూ కాదు. ఒకే నడక నిలబెట్టుకోవాలి. మీ పూల్‌లోనూ ఇదే సూత్రం. "ఇంత నెమ్మదిగానా?" అనిపించేలా మొదలుపెట్టండి. 25 మీటర్లు ఈది 30 సెకన్లు ఆగండి. అలా ఎనిమిదిసార్లు. గోడ గడియారం చూసుకోండి. ఎనిమిదోదానికీ మొదటిదానికీ పట్టిన సమయం ఇంచుమించు ఒకటే అయితే మీ వేగం సరైనదే. బాగా పెరిగితే మొదట్లో తొందరపడ్డారన్నమాట.

ఊపిరి బిగబట్టకండి. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ గాలి వదులుతూనే ఉండండి. కాళ్ళు గబగబా కొట్టకండి, తొడ కండరాలు పెద్దవి, ఊపిరంతా అవే లాగేస్తాయి. ఎనిమిదీ తేలికయ్యాక ఆగే సమయం కొంచెం కొంచెం తగ్గించండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి సుమా.

వయసు మాటా? మన హైదరాబాద్ గోలి శ్యామల నలభై దాటాకే ఈత నేర్చుకున్నారు. 2021లో శ్రీలంక నుంచి ధనుష్కోడికి పాక్ జలసంధి ఈదేశారు, పదమూడు గంటలకి పైగా!

మనకి సముద్రాలు అక్కర్లేదు. వచ్చే శనివారం ఆ బెంచీ మీంచి లేచి, ఎనిమిది లెంగ్త్‌లు. నెమ్మదిగానే.