గ్రామఫోను ప్లేటుపై వీణానాదము

నాదము పుట్టినంతనే నశించును. కవి తన వెనుక గ్రంథమును విడిచిపోవును. శిల్పి రాతిని విడిచిపోవును. వైణికుడు విడిచిపోవునది విన్నవారి జ్ఞాపకము మాత్రమే. ఈ లోటును తీర్చుటకు వచ్చినది గ్రామఫోను. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి గానముతో మన దేశమున ఆరంభమైన ఈ నాదముద్రణము క్రమముగా తెలుగువారి ఇండ్లకును చేరెను.

అయితే ఆనాటి ప్లేటునకు రెండు లోపములుండెను. లక్కతో చేసిన ఆ ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. 10 అంగుళముల ప్లేటు ఒక వైపున సుమారు మూడు నిమిషములు మాత్రమే పలుకును. గంటసేపు సాగవలసిన రాగతానపల్లవులు అందెట్లు ఇముడును? విద్వాంసుడు గడియారమును చూచుచు ఆలాపనను ఒకటి రెండు సంచారములతో ముగింపవలసి వచ్చెను. లక్కలో కలిపిన రాతిపొడివలన సూది గరగరలాడుట రెండవ లోపము. గాయకుని కంఠము ఆ గరగరను దాటి వినవచ్చును; తీగె మీటిన పిమ్మట సన్నగిల్లు వీణానాదము అందులో మునిగిపోవును.

తంత్రీవాద్యమునకు స్వతంత్రస్థానము కావలెనను కోరిక అప్పటికే బలపడుచుండెను. విజయనగర సంగీత కళాశాలకు 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారు (1893-1964) 1938లో వేలూరున వయొలిన్‌నే ప్రధానముగా నిలిపి కచేరి చేసిరి. ఆయన ప్లేట్లను రసికులు నేటికిని వెదకుచునే యున్నారు. కాని మూడు నిమిషముల ప్లేటులో దొరకునది ఆ మహాకచేరిలో ఒక తునక మాత్రమే.

1948లో అమెరికాలో కొలంబియా సంస్థ వినైలుతో చేసిన 12 అంగుళముల ఎల్.పి. రికార్డును వెలువరించెను. అది నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగుచు ఒక వైపుననే ఇరువది నిమిషములకు పైగా పలుకును. గరగర మిక్కిలి తక్కువ. 1955లో అలీ అక్బర్ ఖాన్‌గారి సరోద్ వాదనము, యెహుదీ మెనుహిన్ పరిచయవాక్యములతో, ఇట్టి రికార్డుగా న్యూయార్కున ముద్రితమయ్యెను. రాగము తన నడకను తానే నిర్ణయించుకొను అవకాశము ప్లేటుపై లభించెను.

ఆ అవకాశమును చక్కగా వినియోగించుకొన్న తెలుగు వైణికుడు చిట్టిబాబు (1936-1996). కాకినాడలో జన్మించిన ఆయనకు గురువు, ద్రాక్షారామమున జన్మించి ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందమును నడిపిన ఈమని శంకరశాస్త్రిగారు. హెచ్.ఎం.వి. వెలువరించిన చిట్టిబాబు ఎల్.పి.లలో వీణ ఎవరికిని తోడువాద్యము కాదు, తానే కథానాయకుడు. కోయిల కూతను తీగెలపై పలికించిన ఆయన 'కొమ్మలో కోయిల' శాస్త్రజ్ఞానము లేని శ్రోతనుగూడ ఆకర్షించెను.

అండమానులోని తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు. విశాఖపట్టణమునకును పోర్టు బ్లెయిరునకును నడుమ సుమారు 1200 కిలోమీటర్ల సముద్రము గలదు. పోర్టు బ్లెయిరున ఆకాశవాణి కేంద్రము వెలసినది 1963లో. విద్వాంసుని, మృదంగమును, తంబురాను ఓడలో రప్పించుట వ్యయప్రయాసములతో కూడిన పని. ప్లేటు మాత్రము ట్రంకుపెట్టెలో బట్టల నడుమ ఇమిడి రాగలదు.

వినైలు కాలము తీరినదని తలచిన లోకము నేడు మరల దానివైపు మరలుచున్నది. 2022లో అమెరికాలో, 1987 తరువాత మొదటిసారిగా, సి.డి.లకంటె వినైలు రికార్డులే సంఖ్యలో అధికముగా అమ్ముడుపోయెను. వయసు మీరిన రాక్ గిటారు విద్వాంసులు సైతము తమ క్రొత్త వాదనములను వీటిపైననే వెలువరించుచున్నారు. క్రొత్తవాటిని ముద్రించుటకు యంత్రములు గలవు. పాతవాటిని కాపాడుటకు మనుష్యులే కావలెను. ఈ ద్వీపముల తేమకు అట్టలు బూజుపట్టును, ఎండవేడిమికి ప్లేట్లు వంగిపోవును. వాటిని నిలువుగా, పొడిచోట ఉంచుటయు, చెడకమునుపే వాటి నాదమును కంప్యూటరులోనికి ఎక్కించి పదిలపరచుటయు కష్టమైన పనులు కావు. తాతగారి పెట్టెలోని ప్లేటును పాతసామానువానికి తూచి యిచ్చినచో, పోవునది ఇంత వినైలు కాదు. ఒక వైణికుని జీవితకాలసాధన.