రాగి గనులు – ఓటు పెట్టె

ఎన్నికల ముందురోజు రాత్రి మా గూడేనికి జీపు వస్తుంది. ఏ ఇంటికి ఎంత ముట్టిందో తెల్లారేసరికి అందరికీ తెలిసిపోతుంది. ఒకసారి ఎనిమిదో తరగతిలో ఎన్నికల పాఠం చెబుతుంటే ఒక పిల్ల లేచి, "సార్, పంచేవాళ్ళకి ఆ డబ్బు ఎవరిస్తారు?" అని అడిగింది. పుస్తకంలో జవాబు లేదు. వెతుక్కుంటూ పోతే అమెరికాలోని మోంటానా రాష్ట్ర చరిత్ర దొరికింది.

మోంటానా కూడా గనుల సీమే. అక్కడ బ్యూట్ పట్టణం కొండ కింద రాగి ఉంది. ఆ రాగితో కోట్లకు పడగెత్తినవాళ్ళలో విలియం క్లార్క్, మార్కస్ డేలీ ముఖ్యులు. ఇద్దరికీ పడదు. చెరో పత్రిక పెట్టి తిట్టుకున్నారు. క్లార్క్‌కు జాతీయ సెనేటర్ కావాలని కోరిక. అప్పట్లో సెనేటర్లను జనం కాదు, రాష్ట్ర శాసనసభ ఎన్నుకునేది. ఊరూరా తిరిగే పని లేదు, సభ్యులను కొంటే చాలు.

1899 జనవరిలో ఫ్రెడ్ వైట్‌సైడ్ అనే సభ్యుడు 30,000 డాలర్లు సభ ముందు పెట్టి, ఇవి ఓట్ల కోసం క్లార్క్ మనుషులు ఇచ్చినవని చెప్పాడు. అయినా ఆ నెలాఖరుకు క్లార్క్ గెలిచాడు. వైట్‌సైడ్ సభ్యత్వమే పోయింది. 1900లో సెనేట్ కమిటీ ఈ ఎన్నిక చెల్లదని తేల్చింది. క్లార్క్ రాజీనామా చేశాడు. గవర్నర్ ఊళ్ళో లేని సమయం చూసి, లెఫ్టినెంట్ గవర్నర్ అదే ఖాళీలో మళ్ళీ క్లార్క్‌నే నియమించాడు! గవర్నర్ తిరిగొచ్చి దాన్ని రద్దు చేశాడు. కానీ 1901లో శాసనసభ క్లార్క్‌నే మళ్ళీ ఎన్నుకుంది. 1907 వరకు పదవిలో ఉన్నాడు.

తర్వాతి కథ ఇంకా పెద్దది. 1903లో బ్యూట్ జడ్జి తీర్పు తనకు వ్యతిరేకంగా రాగానే అమాల్గమేటెడ్ కాపర్ కంపెనీ చలికాలం ముంగిట గనులు, కొలుములు మూసేసింది. వేలమంది కూలీలు వీధిన పడ్డారు. నచ్చని జడ్జిని మార్చుకునే చట్టం చేస్తేనే తెరుస్తామంది. గవర్నర్ ప్రత్యేక సమావేశం పెట్టాడు, చట్టం అయింది, గనులు తెరుచుకున్నాయి. లంచంతో పనే పడలేదు. కూలీల పొయ్యిలు ఆరిపోవడమే చాలింది.

విసిగిపోయిన జనం 1912లో తామే ఓటు వేసి చట్టం చేసుకున్నారు. అభ్యర్థుల కోసం కంపెనీలు డబ్బు పెట్టకూడదన్నారు. 1913లో సెనేటర్లను నేరుగా ఎన్నుకునే హక్కు దేశమంతటా వచ్చింది. 1975లో ఎన్నికల ఖర్చులు చూడడానికి మోంటానాలో ఒక కమిషనర్ పదవి పెట్టారు. అధికారుల నడవడి మీద ఫిర్యాదులూ ఆ కార్యాలయమే వింటుంది. శాసనసభ్యుల చెవిలో తమ మాట వేయడానికి జీతమిచ్చి మనుషులను పెట్టుకునేవాళ్ళు ఆ ఖర్చు బయటపెట్టాలని 1980లో మళ్ళీ జనమే ఓటు వేశారు.

అయితే ఒక మాట మరవకూడదు. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చిన చట్టం 1924లో గానీ రాలేదు. ఆ నేల మొదట ఎవరిదో వాళ్ళలో చాలామందికి 1912లో ఓటే లేదు.

ఆ చట్టం వందేళ్ళు నిలిచింది. కంపెనీలు అభ్యర్థికి నేరుగా ఇవ్వకుండా విడిగా ఖర్చు పెట్టడాన్ని ఆపలేరంటూ 2012లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో అందులోని ఆ నిషేధాన్ని కొట్టేసింది.

మన దగ్గర పార్టీలకు కంపెనీల విరాళాలను 1969లో నిషేధించారు, 1985లో మళ్ళీ అనుమతించారు. ఇచ్చినవాళ్ళ పేరు జనానికి తెలియని ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న మన సుప్రీంకోర్టు రద్దు చేసింది. ఏజెన్సీలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో చెప్పిందీ అదే కోర్టు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదువుకోవాలి. కొండ కావాలనుకునేవాడు ముందు సభను కొనుక్కుంటాడని మోంటానా చూపించింది.

ఆ పిల్లకు ఆలస్యంగానైనా జవాబు చెప్పాను. జీపులో వచ్చేది మనకిచ్చే డబ్బు కాదమ్మా, మన కొండకు కట్టే బయానా.