కోడుమూరు ప్రాంతంలో డిప్లొమా నుంచి బీటెక్ ప్రవేశం

కర్నూలు జిల్లా పడమటి భాగంలో పాలిటెక్నిక్ డిప్లొమా ముగించిన విద్యార్థులు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి, ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే పద్ధతి ఇది. దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ చదివినవారు సబ్జెక్టుల వారీగా క్రెడిట్లు చూపించి విశ్వవిద్యాలయానికి మారతారు. ఇక్కడ ఆ లెక్క లేదు, ర్యాంకుదే నిర్ణయం.

పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్, మూడేళ్ల డిప్లొమా, మూడేళ్ల బీటెక్: మొత్తం ఆరేళ్లు. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు చదివినా ఆరేళ్లే. డిప్లొమా దారిలో సంవత్సరం వృథా అవుతుందన్న భయం చాలా ఇళ్లలో ఉంది, అది నిజం కాదు. పైగా మూడేళ్లకే ఉద్యోగానికి పనికొచ్చే సర్టిఫికెట్ చేతికొస్తుంది. వానలు లేని ఏడు సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు పోయే కుటుంబాలున్న కోడుమూరు, ఎమ్మిగనూరు, ఆదోని పల్లెల్లో ఇది చిన్న ధైర్యం కాదు.

ఈసెట్ 200 మార్కుల పరీక్ష, వ్యవధి మూడు గంటలు. డిప్లొమా వారికి గణితం 50, భౌతికశాస్త్రం 25, రసాయనశాస్త్రం 25, సొంత బ్రాంచి 100 మార్కులు. అర్హతకు 50 రావాలి. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. గణితం చదివిన బీఎస్సీ పట్టభద్రులూ రాయవచ్చు, వారి ప్రశ్నపత్రం వేరు. తర్వాత కౌన్సెలింగ్, అందులో కళాశాలలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు. కోడుమూరు నుంచి ఒకవైపు కర్నూలులో 1984లో మొదలైన జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కళాశాల, మరోవైపు ఎమ్మిగనూరు దగ్గర సెయింట్ జాన్స్, ఆదోనిలో భీమా కళాశాలలు ఉన్నాయి. 1946 నాటి అనంతపురం ఇంజనీరింగ్ కళాశాల ఇప్పుడు జేఎన్‌టీయూ అనంతపురంలో భాగం.

అసలు కష్టం సీటు వచ్చాక మొదలవుతుంది. డిప్లొమా విద్యార్థికి వర్క్‌షాపు, డ్రాయింగు చేతికి అలవాటే; యంత్రం ముందు తడబడడు. గణితంలో మాత్రం తడబడతాడు. పక్కన కూర్చున్నవారు ఇంటర్‌లో రెండేళ్లు, బీటెక్ మొదటి ఏడాది మొత్తం లెక్కలు చేసి వచ్చినవారు. కలనగణితం, అవకలన సమీకరణాలు వచ్చేశాయనుకొని పాఠం ముందుకు సాగుతుంది. తెలుగు మాధ్యమంలో పదో తరగతి చదివినవారికి ఇంగ్లిషు పాఠ్యపుస్తకం మరో బరువు. అందుకే మూడో సెమిస్టర్‌లో బ్యాక్‌లాగులు పడతాయి. తెలివి తక్కువై కాదు, మధ్యలో ఒక ఏడాది పాఠం లేకపోవడం వల్ల. కళాశాలలు బ్రిడ్జి తరగతులు శ్రద్ధగా నడిపితే ఈ లోటు తీరుతుంది.

ఈ దారి ఎంచుకునే పిల్లలు డిప్లొమా రెండో ఏడాదిలోనే ఇంటర్ గణితం పుస్తకాలు తెచ్చుకొని రోజూ ఒక గంట లెక్కలు చేయాలి.